మర్యాద కొంచెం ఇటు వడ్డించండి

శుభలేఖ చేతికి రాగానే పెళ్ళి బాబాయి పెళ్ళికూతురి పేరు చూడడు, పెళ్ళికొడుకు చదువూ చూడడు. నాలుగు మూలలా పసుపు ఉందో లేదో చూస్తాడు. మూడు మూలలకే ఉంటే నాలుగో మూల ఎవరి కోసం దాచుకున్నారని పిన్నిని అడుగుతాడు. తరవాత కవరు తిప్పి తన పేరు రాసిన తీరు పరిశీలిస్తాడు. ముందు ‘శ్రీ’ ఉందా, చివర ‘గారు’ ఉందా, ‘దంపతులకు’ అని సరిపెట్టారా, ‘కుటుంబ సభ్యులకు’ అని నిండుగా రాశారా. ఆఖర్న కార్డు తెరిచి అందులో ఒకే ఒక్క వాక్యం వేలు పెట్టి చదువుతాడు. ‘విందు: రాత్రి 7 గంటల నుండి.’

ఆ పైన ఎక్కడో ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అన్న ముక్క ఉంటుంది. అచ్చు వేసే ప్రెస్సువాళ్ళకీ, వేయించే పెద్దమనిషికీ అది ‘శుభమస్తు’ లాంటి అలవాటు మాట. బాబాయికి మాత్రం రాతకోతలతో ఇచ్చిన హామీ. సకుటుంబం అంటే తనూ, పిన్నీ, ఇద్దరు పిల్లలూ. సపరివారం అంటే పై వాటాలో అద్దెకుండే బ్యాంకు ఉద్యోగి, కారు తోలే కుర్రాడు, కంటి ఆపరేషనుకని ఊరి నుంచి వచ్చిన తోడల్లుడు.

కోస్తాలో ఆయన్ని బాబాయి అంటారు, రాయలసీమలో చిన్నాయన అంటారు, తెలంగాణలో కాక అంటారు. ప్రతి పెళ్ళిలోనూ ఉంటాడు. ఒక్కడే ఉన్నాడంటే ఆ పెళ్ళి చిన్నదని లెక్క.

బాబాయి చెడ్డవాడు కాడు. ఆయనతో వచ్చిన చిక్కంతా ‘మర్యాద’ అన్న ఒక్క మాటలో ఉంది. సంస్కృతంలో ఆ మాటకు హద్దు అని అర్థం: ఒడ్డు, పొలిమేర, దాటకూడని గీత. తెలుగు పెళ్ళిపందిట్లోకి వచ్చేసరికి అది వడ్డించే పదార్థమైంది. ‘మర్యాదలు ఘనంగా చేశారు’, ‘మర్యాదకు లోటు రానివ్వలేదు’, ‘అంతా బాగానే ఉంది కానీ మర్యాదే కాస్త తగ్గింది’ అంటారు. పప్పులో ఉప్పు గురించి చెప్పినట్టే ఉంటుంది. చేసేవాళ్ళు పిలిచినవాళ్ళు, పుచ్చుకునేవాళ్ళు వచ్చినవాళ్ళు. వచ్చినవాళ్ళు తమ ఇంటి నుంచి కూడా కొంచెం తెచ్చుకోవాలన్న ఊహ ఆ వాడుకలో ఎక్కడా కనపడదు. అవతలివాడి నుంచి మర్యాద ఆశించి తెలుగువాడు నోరు తెరిస్తే వచ్చే వాక్యం ‘మర్యాదగా లేచి వెళ్ళు’. అది బెదిరింపు.

పెళ్ళి తంతు కూడా ఈ అలవాటుకు నీళ్ళు పోసి పెంచింది. మగపెళ్ళివారు ఊళ్ళోకి దిగితే పానకం బిందెలతో ఎదురుకోలు. ఉండడానికి విడిది. అల్లుడు అలగడానికి అలకపాన్పు. అలక తీరాలంటే ఉంగరమో, గొలుసో, బండి తాళాలో. మంచం వేసి మరీ అలక నేర్పిన చోట, బాబాయి వట్టి కుర్చీలో కూర్చుని అలిగితే తప్పెలా అవుతుంది?

ఆయనకు పూర్వీకులు లేకపోలేదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో శకుని ఇద్దరిని మగపెళ్ళివారి వెంట పంపిస్తాడు. అల్లు రామలింగయ్య వేసిన శర్మ, వంగర వేసిన శాస్త్రి. వాళ్ళకు అప్పగించిన పని ఒకటే: విడిదిలో ఏర్పాట్లకు వంకలు పెట్టడం. ద్వారకలో లేనిదంటూ లేని విందు ఎదురుగా పెట్టుకుని, వాళ్ళు గోంగూర లేదని పట్టుకున్నారు. వాళ్ళకు శకుని చెప్పి పంపాడు. బాబాయి ఎవరూ చెప్పకుండానే, సొంత ఖర్చుతో ఆ ఉద్యోగం చేస్తున్నాడు. ఘటోత్కచుడి శిష్యులు ఏర్పాటు చేసిన చుట్టేసే కంబళీ, తిరగబడే మంచమూ ఇవాళ్టి ఫంక్షన్ హాళ్ళలో దొరక్కపోవడం మాత్రం బాబాయి అదృష్టం.

పిలుపు దగ్గరే మొదటి వంక పడుతుంది. పిన్నికి బొట్టు పెట్టి పిలవలేదు. వాట్సాప్‌లో కార్డు వచ్చింది, దాని వెనకే మ్యాపు వచ్చింది. “లొకేషన్ పంపారు గానీ మనిషిని పంపలేదు” అంటాడు బాబాయి. అలాగని వెళ్ళడం మానడు. మానేస్తే తనను సరిగ్గా పిలవలేదన్న సంగతి పదిమందికి చెప్పే చోటు ఏదీ?

మూఢం విడిచి మాఘంలో గట్టి ముహూర్తం తగిలిందంటే ఒకే రాత్రి నాలుగు పెళ్ళిళ్ళు. అప్పుడు బాబాయి ఆర్టీసీ డిపో మేనేజరులా రూటు వేస్తాడు. మొదటి పెళ్ళిలో టిఫిను, రెండో చోట స్టేజీ ఎక్కి ఫొటో, మూడో చోట భోజనం, నాలుగో చోట కిళ్ళీ. పంతులుగారు పంచాంగం తిరగేసి, వధూవరుల తారాబలం, చంద్రబలం చూసి రాత్రి 2 గంటల 37 నిమిషాలకు ముహూర్తం పెట్టారు. ముప్ఫై ఎనిమిది కాదు, ముప్ఫై ఏడే. ఆ నిమిషానికి బాబాయి ఇంట్లో రెండో నిద్రలో ఉంటాడు. పగటి ముహూర్తమైతే తప్ప ఆయన పెళ్ళి చూసిన దాఖలా లేదు.

పగటి ముహూర్తాల్లో ఆయన ముందు వరస సోఫాలో కూర్చుంటాడు. ఆ సోఫా మీద ‘పెళ్ళికొడుకు మేనమామలు’ అని కాగితం అంటించి ఉంటుంది. కాగితం మీదే కూర్చుంటాడు కాబట్టి అది ఆయనకు కనపడదు. తెలుగు పెళ్ళిలో అసలు ముహూర్తం జీలకర్రా బెల్లానిది. తెరకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరూ పంతులుగారు చెప్పిన నిమిషానికి ఒకరి తల మీద ఒకరు ఆ ముద్ద పెడతారు. బాబాయి దృష్టిలో అదింకా ఇంటర్వెల్‌కు ముందు భాగం. ఆ సమయంలో ఆయన పక్కాయనతో స్థలాల ధరలు మాట్లాడుతుంటాడు. గట్టిమేళం మోగగానే ఉలిక్కిపడి, అరగంటగా పిడికిట్లో పట్టుకున్న అక్షింతలు కూర్చున్న చోటి నుంచే విసురుతాడు. అక్షతలంటే విరగని బియ్యం. దగ్గరికి వెళ్ళి తల మీద వేసి దీవించాల్సిన గింజలు. చెమటకు తడిసి ఉండ కట్టిన ఆ గింజలు వధూవరుల దాకా వెళ్ళవు, వీడియోగ్రాఫర్ మెడలో దిగుతాయి. వీడియోగ్రాఫర్‌కు ఆ సీజన్లో అది పదిహేడో ఆశీర్వాదం.

అయినా ముందు వరసలో కూర్చున్నంత మాత్రాన పెళ్ళి కనపడుతుందని ఏముంది? మండపం చుట్టూ కెమెరాల వాళ్ళ వీపులు, వాళ్ళ వెనక సెల్‌ఫోన్లు ఎత్తిన చేతులు. ఇరవై అడుగుల దూరంలో కడుతున్న తాళిని జనం పక్కనున్న ఎల్‌ఈడీ తెర మీద చూస్తారు. బాబాయి కూడా సెల్‌ఫోన్ ఎత్తి, ఆ తెరను వీడియో తీస్తాడు.

ఇదంతా ఒక ఎత్తు, బంతి ఒక ఎత్తు. బాబాయి ప్రతిభ వికసించేది అక్కడే. ‘పప్పన్నం ఎప్పుడు పెడతావు?’ అంటే ‘పెళ్ళెప్పుడు?’ అని అర్థం వచ్చే భాష ఆయనది.

పాత పంక్తి భోజనానికి ఒక కట్టుబాటు ఉండేది. నేల మీద బారుగా అరిటాకులు, ఆకు కొస ఎడమ చేతి వైపు. వడ్డన పూర్తయి పెద్దాయన మొదలుపెట్టేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. అందరూ ముగించి పెద్దాయన లేచేదాకా ఎవరూ లేవకూడదు. పక్కవాడు నెమ్మదిగా తింటే అతని కోసం మజ్జిగ నెపంతో ఇంకాసేపు కూర్చోవాలి. శుభకార్యంలో తిన్న ఆకును తన వైపుకే మడవాలి. రెండో బంతి వాళ్ళు బయట అరుగు మీద కబుర్లు చెప్పుకుంటూ, ఆకలి లేనట్టు నటిస్తూ ఉండాలి. ఆ నటనకే అప్పట్లో పెద్దమనిషితనం అని పేరు.

బల్లలూ కుర్చీలూ వచ్చాయి, అరుగు పోయింది. బల్ల మీద కాగితం చుట్ట పరిచేలోపే బాబాయి ఆరు కుర్చీల మీద రుమాలు, కళ్ళజోడు పెట్టె, కారు తాళాలు, పిన్ని చేతిసంచీ, తోడల్లుడి కండువా, చివరికి తోడల్లుణ్ణీ పెట్టేస్తాడు. బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టిన చేతులవి, మరిచిపోవు. ఆలస్యంగా వస్తే ఇంకో విద్య ఉంది. తింటున్న మనిషి కుర్చీ వెనక నిలబడడం. ఏ కుర్చీ అన్నది ఎంచుకోవడంలోనే అనుభవమంతా. చిన్నపిల్లల వెనక నిలబడకూడదు, వాళ్ళు ఐస్‌క్రీముతో అరగంట గడుపుతారు. రెండోసారి పులిహోర అడిగినవాడి వెనక అసలే వద్దు. సాంబారు దాటి పెరుగులోకి వచ్చి, ఆవకాయ ముక్క చప్పరిస్తున్నవాణ్ణి చూసుకోవాలి. అక్కడి నుంచి మూడు నిమిషాలు. కుర్చీ వీపు మీద రెండు చేతులూ ఆనించి, గట్టిగా ఊపిరి వదిలి, “పర్లేదు, నిదానంగా కానివ్వండి” అనాలి. ఆ మాట వీపుకు తగిలాక నిదానంగా తినగలిగిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు.

కూర్చున్నాక బాబాయి కవాతు మొదలవుతుంది. ముందు వడ్డించిన స్వీటును, పులిహోరను పక్కకు నెడతాడు. “ఇవి కడుపు నింపడానికి పెట్టే ఎత్తులు.” గోదావరి వైపు పెళ్ళయితే పనసపొట్టు కూర కోసం, తెలంగాణలో దావత్ అయితే బగారా అన్నంలోకి మటన్ కోసం కడుపులో చోటు రిజర్వు చేసి ఉంచుతాడు. స్టీలు బకెట్టుతో పరుగెడుతున్న కుర్రాణ్ణి ‘ఏయ్’ అని పిలుస్తాడు. ఆ కుర్రాడు డిగ్రీ రెండో ఏడాది, సాయంత్రాలు వడ్డనకు వస్తాడు. పొద్దుటి నుంచి అతను తిన్నది రెండు ఇడ్లీలు. “బాబాయ్ గారూ, నెయ్యి” అంటే “ఇది నెయ్యా, డాల్డాకు బంధువా?” అంటాడు. అలా అని వేయించుకుంటాడు. అన్నీ వేయించుకుంటాడు. వద్దంటే పెట్టేవాడి మనసు నొచ్చుకుంటుందట. లేచేసరికి ఆకులో సగం ఉంటుంది: కొరికి వదిలిన బూరె, తాకని గుత్తివంకాయ, పెరుగులో మునిగిన జిలేబీ.

బెంగళూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు అక్కడి కల్యాణ మండపాలు తిరిగి 2012లో ఒక లెక్క తేల్చారు. ఆ ఒక్క నగరంలో పెళ్ళిళ్ళ పేరుతో ఏటా 943 టన్నుల మంచి భోజనం పారేస్తున్నారని. అది విన్న బాబాయి నిట్టూర్చి, “మనిషికి బుద్ధి లేదండీ” అన్నాడు. అప్పుడాయన చేతిలో మూడో ప్లేటు ఉంది. రెండోది చాట్ కౌంటరు దగ్గర కుర్చీ కింద పెట్టి మరిచిపోయాడు.

బఫే భోజనాల్లో ఆయనకు ఒకటే జోకు. “బఫే కాదండీ, బఫెలో.” ఆ జోకు ఆయన తొలిసారి వేసినప్పుడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పెళ్ళిళ్ళవుతున్నాయి. వాళ్ళ పెళ్ళిళ్ళలోనూ వేస్తున్నాడు.

పిన్నిది వేరే శాఖ. పెళ్ళికూతురి మెడలో హారం బంగారమా, ఒక గ్రాముదా అన్నది ఆవిడ స్టేజీ కింది నుంచే చెప్పగలదు. పట్టుచీర అంచు చూసి ధర చెబుతుంది. ధర సరిపోతే రంగు నప్పలేదంటుంది. విస్తళ్ళు ఎత్తమంటే వచ్చినవాళ్ళను లెక్కబెట్టాడట వెనకటికి ఒకడు. పిన్ని ఎత్తదు గానీ లెక్క మాత్రం తప్పదు: ఆడపెళ్ళివారి వైపు ఎన్ని బంతులు, మగపెళ్ళివారి వైపు ఎన్ని, ఏ తోటికోడలు రాలేదు, ఎందుకు రాలేదు.

తిన్నాక చదివింపులు. ఎవరు ఏమిచ్చారో పందిట్లో పైకి చదివి వినిపించే రోజుల నుంచి వచ్చిన మాట అది. ఇప్పుడు చదవరు, బల్ల దగ్గర కూర్చున్న మేనమామ పుస్తకంలో రాసుకుంటాడు. బాబాయి కవర్లో 116 రూపాయలు పెడతాడు. నూట పదహార్లు ఎందుకో కూడా చెబుతాడు. ఏడు హాలీ సిక్కాలు ఆరు బ్రిటిషు రూపాయలకు సమానమని, ఆ లెక్కన వంద బ్రిటిషు రూపాయలు కావాలంటే నైజాం రూపాయలు నూట పదహారూ పై చిల్లరా ఇవ్వాల్సి వచ్చేదని. మారకం రేటు నిజమే. శుభానికి సున్నతో ముగియకూడదన్న నమ్మకం వల్లే పదహారు కలిపారని ఇంకొకాయన వాదిస్తాడు. ఈ చర్చ ఎంత లోతుగా సాగితే, ఆ కవర్లో ఎంతుందన్న ప్రశ్న అంత వెనక్కి పోతుంది.

ఆయన ఒక్కసారి మాత్రం చేతికి ఎముక లేకుండా ఇచ్చాడు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. అది కార్తికం, పెళ్ళిళ్ళ రోజులు. పెళ్ళి ఖర్చులకు బ్యాంకు నుంచి రెండున్నర లక్షల దాకా తీసుకోవచ్చని ప్రభుత్వం చెప్పేలోపే బాబాయి మూడు పెళ్ళిళ్ళు చూసి, మూడు చోట్లా పాత వెయ్యి నోటు చదివించి వచ్చాడు. 2021 జనవరిలో మదురైలో ఒక జంట శుభలేఖ మీదే గూగుల్ పే, ఫోన్‌పే కోడ్‌లు అచ్చు వేయించిందని పేపర్లో చదివినప్పుడు మాత్రం ఆయన మనసు కష్టపడింది. “అయితే కవరు ఖాళీగా ఇచ్చే పెద్దవాళ్ళ గతి ఏమిటి?”

కరోనా కాలం ఆయన జీవితంలో చీకటి అధ్యాయం. 2020లో పెళ్ళికి యాభై మందికి మించి రాకూడదన్నారు. ఆ యాభైలో తన పేరెందుకు లేదని పద్నాలుగు ఇళ్ళకు ఫోను చేశాడు. లింకు పంపితే జూమ్‌లో పెళ్ళి చూశాడు. మైకు ఆపడం తెలియక, సరిగ్గా మాంగల్యధారణ వేళకు “ఏమేవ్, పెరుగు తోడేశావా?” అన్న మాట మంత్రాల మీదుగా మూడు ఖండాల్లో వినపడింది. ఆ డిసెంబరులో తమిళనాట ఒక కుటుంబం పెళ్ళి భోజనాన్ని బుట్టల్లో సర్ది, పిలిచినవాళ్ళ ఇళ్ళకే పంపించింది. బాబాయి ఆ ఫొటో దాచుకున్నాడు. మర్యాదంటే అదీ అని.

పిలవని పేరంటానికి మాత్రం ఆయన వెళ్ళడు. 2024 జులైలో అంబానీల ఇంటి పెళ్ళికి ఆహ్వానం లేకుండా వెళ్ళిన ఇద్దరి మీద ముంబయి పోలీసులు కేసు పెట్టారు. ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ వాళ్ళే. బాబాయి ఆ వార్త చదివి చాలాసేపు తల ఊపాడు. వెళ్ళినందుకు కాదు, తినకుండా దొరికిపోయారేమోనని.

కొడుకును చూడడానికి డాలస్ వెళ్ళినప్పుడు అక్కడి తెలుగు పెళ్ళి కార్డొకటి ఆయన్ని చిక్కులో పెట్టింది. ఎంతమంది వస్తారో ఫలానా తేదీలోగా రాసి పంపమని ఉంది. “చూద్దాంలే, వీలుంటే వస్తాం” అని చెప్పమన్నాడు. ఆయన లెక్కలో రామని చెప్పడం అమర్యాద, వస్తామని చెప్పి రాకపోవడం మర్యాద, చెప్పకుండా ఆరుగురు రావడం అభిమానం. “అక్కడ ప్లేట్లు లెక్కపెట్టి చెప్పాలి నాన్నా” అన్నాడు కొడుకు. ఇక్కడా కేటరింగువాళ్ళకు ప్లేట్ల లెక్క ముందే చెప్పాలి. అయిదు వందలని చెబితే ఆరున్నర వందల మంది దిగుతారు, పెళ్ళికూతురి తండ్రి పెరుగన్నంతో పడుకుంటాడు. డాలస్ హాల్లో ప్రతి కుర్చీకీ ఒక పేరు రాసి ఉంది. తన పేరున్న కుర్చీ లేక బాబాయి అలవాటు కొద్దీ ఒకాయన వెనక వెళ్ళి నిలబడ్డాడు. పెరుగు కోసం చూశాడు. అక్కడ రెండో బంతి లేదు.

ఈ మాఘంలో బాబాయి కూతురి పెళ్ళి.

ఆయన బీరువాలో పట్టుపంచె కింద ఒక పొడుగాటి నోటుబుక్కు ఉంది. 1994లో ఆయన పెళ్ళినాటి చదివింపుల పుస్తకం. ‘స్టీలు బిందె 1, గోడ గడియారం 1, రూ. 51, గోడ గడియారం 1, ఫ్లాస్కు 1, రూ. 116, గోడ గడియారం 1.’ ఎడమ పేజీలో వచ్చినవి, కుడి పేజీలో ముప్ఫై ఏళ్ళుగా తాను ఇచ్చినవి. ఏ ఇంట్లో ఎన్ని పెళ్ళిళ్ళకు ఎన్ని నూట పదహార్లు పెట్టాడో తేదీలతో సహా ఉంది. దాన్ని ముందేసుకుని రాత్రిళ్ళు ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టాడు. శుభలేఖ కూతురే తయారుచేసింది, ఆరు వందలు వేయించారు. బాబాయి అలవాటు ప్రకారం విందు వేళ ఒక్కటే చూసి సరేనన్నాడు. నాలుగు వందలు తానే తిరిగి పంచాడు.

మిగిలినవాటి మూలలకు పసుపు రాస్తూ పిన్ని ఒక రాత్రి అడుగున ఉన్న సన్న అక్షరాలు పైకి చదివింది. ‘మీ ఆశీస్సులే మాకు కానుక. దయచేసి బహుమతులు, నగదు తేవద్దు.’

బాబాయి కార్డు తీసుకున్నాడు. కళ్ళజోడు తుడిచి మళ్ళీ చదివాడు. కూతురి గది తలుపు వైపు చూశాడు. లైటు ఆర్పేసి ఉంది. నోటుబుక్కు తెరిచి, మొదటి పేరుకు ఫోను కలిపాడు.

“అన్నయ్యా, పడుకున్నావా? కార్డు అందింది కదా... ఆఁ, తప్పకుండా సకుటుంబంగా రావాలి. అదే, కింద సన్నగా ఏదో ఒక లైనుంది, చూశావా? చూళ్ళేదా? సరే, చూడకు. ప్రెస్సువాళ్ళు ఎవరి కార్డులోదో తెచ్చి మన కార్డులో కలిపేశారు.”

ఫోను పెట్టేసి, రెండో పేరు మీద వేలు పెట్టాడు.